విరమణ తరువాతి శ్రమ: తెలుగు రచనలో విశ్రాంత జీవితం, తూర్పు హైదరాబాదు నేపథ్యం

‘పదవీ విరమణ’ అన్న సమాసం పదవి ఆగిపోతుందని మాత్రమే చెబుతుంది, పని ఆగుతుందని చెప్పదు. దానికి జోడుగా వాడే ‘విశ్రాంత’ అన్న విశేషణం కూడా ‘శ్రమ’ పుట్టిన ధాతువు నుండే పుట్టింది. వాడుకలో మాత్రం ఈ రెండు మాటలూ ‘రిటైర్డ్’ అన్న ఆంగ్లపదానికి పర్యాయాలై, మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడో చెప్పక, నిన్నటిదాకా ఏం చేశాడో చెప్పే గుర్తులుగా మిగిలాయి. రిటైర్డ్ తహసీల్దారు, విశ్రాంత ఆచార్యుడు అన్నప్పుడు విశేషణం వర్తమానానిది, విశేష్యం గతానిది. తెలుగు కథ, చలనచిత్రం, ఆత్మకథ ఈ జీవితదశను చిత్రించిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన రచన వార్ధక్యాన్ని ప్రధానంగా సంతానపు కృతజ్ఞతకు సంబంధించిన ప్రశ్నగా చూసింది. అంతకంటే ముందు అది శ్రమకు సంబంధించిన ప్రశ్న. ఏ పని, ఎవరి కోసం, ఎవరి చోటులో నిలబడి చేసే పని అని అడగనంత కాలం విశ్రాంత జీవితపు కథ కన్నీటిని దాటి ముందుకు పోదని ఇక్కడి ప్రతిపాదన.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మీదుగా వనస్థలిపురం దాకా ఉన్న ప్రాంతాన్ని ఈ పరిశీలనకు నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఉంది. విజయవాడ రహదారి వెంట నగరానికి వచ్చిన ఉద్యోగ కుటుంబాలు, ముఖ్యంగా నల్లగొండ, ఖమ్మం వైపువారూ కోస్తా జిల్లాలవారూ, పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు ఇది. ఇక్కడి కాలనీల పేర్లు చదువుతుంటే ప్రభుత్వ శాఖల పట్టిక చదువుతున్నట్లు ఉంటుంది: పి అండ్ టి కాలనీ, టెలిఫోన్ కాలనీ, ఎస్.బి.హెచ్. కాలనీ, ఆర్టీసీ కాలనీ, ఎఫ్.సి.ఐ. కాలనీ, ఎన్జీవోస్ కాలనీ, సచివాలయనగర్. తంతి తపాలా శాఖ 1985లోనే రెండుగా చీలిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. సంస్థలు పోయినా కాలనీలు ఆ పేర్లతోనే నిలిచి ఉన్నాయి. వ్యక్తి విషయంలో ‘రిటైర్డ్’ అన్న మాట చేసే పనిని ఇక్కడ చిరునామా చేస్తున్నది. మహావీర్ హరిణ వనస్థలికి ఆనుకుని ఉన్న వనస్థలిపురం పేరులో ఇంకొక చమత్కారం కూడా ఉంది. ఉద్యోగం ముగించుకుని అక్కడ చేరినవారికి అడగకుండానే ఒక వానప్రస్థం దక్కింది. అయితే శాస్త్రం చెప్పిన వానప్రస్థుడు ఇల్లు విడిచి వెళ్తాడు. ఇక్కడివాడు జీవితకాలపు పొదుపుతో ఇల్లు కట్టుకుని వస్తాడు. విడిచివెళ్లడానికీ కట్టుకోవడానికీ నడుమ ఉన్న ఈ దూరాన్ని మన కథకులు తగినంతగా కొలవలేదు.

అధికారం పోయిన తరువాతి బ్రతుకు మీద తెలుగులో తొలి గంభీర రచన తిక్కన ఆశ్రమవాస పర్వమే. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లపాటు ధర్మరాజు సంరక్షణలోనే ఉంటాడు. మర్యాదకు లోపం లేదు, భోగానికి లోపం లేదు. గుచ్చుకునేవి భీముని మాటలు. ఇరవయ్యో శతాబ్దపు కుటుంబ కథకు కావలసిన సరంజామా అంతా ఇక్కడే ఉంది: ఆదరించే కొడుకు ఒకడు, నొప్పించే కొడుకు మరొకడు, ఆధారపడిన పెద్దవాని మౌనం. కాని అడవికి బయలుదేరినవారిలో కుంతి కూడా ఉన్నదన్న సంగతిని మనం తక్కువగా తలచుకుంటాము. ఆమెను ఎవరూ వెళ్లమనలేదు. కొడుకులు గెలిచారు, రాజ్యం చేతికి వచ్చింది, వారు ఆపబోయారు కూడా. అయినా గాంధారీ ధృతరాష్ట్రుల పరిచర్యను తన పనిగా ఎంచుకుని ఆమె వెళ్లింది. ధృతరాష్ట్రుని ప్రయాణానికి అవమానం మొదలు, కుంతి ప్రయాణానికి ఒక పని గమ్యం. ఆధునిక తెలుగు రచన ధృతరాష్ట్రుని కథను వారసత్వంగా స్వీకరించి, కుంతి కథను చాలాకాలం పక్కన పెట్టింది.

ఈ వారసత్వానికి జనం బాగా ఎరిగిన రూపం 1972 నాటి ‘బడిపంతులు’. బి.ఆర్. పంతులు 1958లో తీసిన కన్నడ చిత్రం ‘స్కూల్ మాస్టర్’కు ఇది పునర్నిర్మాణం. పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, అంజలీదేవి వృద్ధ దంపతులుగా నటించారు. కొడుకులు తల్లిదండ్రులను వేరుచేసి పంచుకోవడం, ఒకనాటి శిష్యుని కృతజ్ఞత ఆదుకోవడం కథకు ఇరుసులు. ఒక తరం ప్రేక్షకులను ఏడిపించిన చిత్రమిది, ఆ ఏడుపు అబద్ధం కాదు. అయితే విరమణ తరువాత పంతులు ఏం చేస్తాడన్నది ఈ కథకు పట్టదు, ఆయనకు ఏం జరుగుతుందన్నదే పడుతుంది. దశాబ్దాల బోధన అంతా ఒక బాకీగా మారిపోయింది. ఆ బాకీని ఎవరు చెల్లిస్తారు, ఎవరు ఎగ్గొడతారు అన్నదే ఉత్కంఠ. వృత్తి ఇచ్చిన నైపుణ్యం వృత్తితోపాటే బడిలో మిగిలిపోయింది.

చరిత్ర ఈ చిత్రానికి ఒక విచిత్రమైన అనుబంధాన్ని చేర్చింది. పంతులు పాత్ర ధరించిన రామారావే ముఖ్యమంత్రి అయిన కొద్ది వారాలకు, 1983 ఫిబ్రవరిలో, రాష్ట్రోద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించారు. వేలమంది అనుకోని రోజున ఇంటికి చేరారు. ఆందోళనలు జరిగాయి. వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లి, తగ్గింపు చెల్లుతుందని 1985లో తీర్పు వచ్చింది. విరమణ వయస్సు మళ్లీ 58కే చేరింది. నటునికీ పాలకునికీ నడుమ వైరుధ్యం వెతకడం సులభమే కాని, అది ఇక్కడి ప్రయోజనం కాదు. చదువు ముగించి ఉద్యోగానికి ఎదురుచూసే యువతకు చోటు కల్పించాలన్న వాదం ఆ నిర్ణయానికి ఒక ఆధారం. అంటే సినిమా ఎన్నడూ చూపని రెండవ పక్షాన్ని ప్రభుత్వ ఉత్తర్వు చూపింది. పంతులు లేచిన కుర్చీలో కూర్చునేవాడు ఒకడున్నాడు. మన విశ్రాంత కథల్లో వానికి పేరు లేదు. ఈ విషయాన్ని చివర మళ్లీ ప్రస్తావించవలసి ఉంది.

శ్రీరమణ ‘మిథునం’ కన్నీటి ధోరణికి గట్టి మినహాయింపు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఎవరి జాలినీ అడగరు. పెరడు, పాడి, పొయ్యి, ఆరగింపు, దాని మీద అలకలు: వీటితో వారి రోజు నిండిపోతుంది. బాపు ఈ కథను తన దస్తూరీతో రాసుకుని ముచ్చట తీర్చుకున్నారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దీని ఆధారంగా 2000లో మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ తీశారు. తనికెళ్ల భరణి 2012లో రెండే పాత్రలతో తెలుగులో చిత్రంగా మలిచారు. ముసలివారిని చేతులు ముడుచుకుని కూర్చోబెట్టకపోవడం ఈ కథ చేసిన గొప్ప మేలు. వారి శ్రమలో ఆనందం ఉంది, నైపుణ్యం ఉంది, రుచి ఉంది.

అయితే ఆ శ్రమ ప్రహరీగోడ దాటదు. చిత్రంలోని అప్పదాసు విశ్రాంత ఉపాధ్యాయుడు. అటువంటి ఇంటి గడప తొక్కి అక్షరం అడిగే పిల్లవాడు ఒక్కడూ తెర మీదికి రాడు. రెండే పాత్రలన్న నియమం శిల్పపరంగా సాహసమే కావచ్చు, కాని దాని అర్థం కూడా ఉంది. అంతటి కార్యకుశలత ఇద్దరి కడుపు కోసం ఖర్చవుతుంది. పైగా ఆ స్వర్గానికి పెరడు కావాలి, బావి కావాలి, పశువు కావాలి. చైతన్యపురిలోనో కొత్తపేటలోనో రెండువందల గజాల్లో ఇల్లు కట్టుకున్న విశ్రాంత ఉద్యోగికి ‘మిథునం’ అంతగా నచ్చడంలో కొంత పాలు, దానిని కట్టుకోవడానికి తాను ఊళ్లో అమ్ముకున్నదేమిటో కథ గుర్తుచేయడమే. కథ అతనికి చేయవలసిన పనిని చూపదు, పోగొట్టుకున్న స్థలాన్ని చూపుతుంది. ఈ విమర్శ కథ విలువను తగ్గించదు. కథను ఆదర్శంగా నిలబెట్టిన మన వ్యాఖ్యానాల తొందరను మాత్రం ప్రశ్నిస్తుంది.

‘మిథునం’ ముగింపులో అప్పదాసే ముందు వెళ్లిపోతాడు. తాను ముందు పోతే ఆయనకు సాగదని బుచ్చిలక్ష్మికి తెలుసు. ఆ తెలివిడిలో ప్రేమ ఎంత ఉందో, ఇంటి పనికి విరమణ లేదన్న వాస్తవం కూడా అంతే ఉంది. భర్తకు పదవీ విరమణ సన్మానం జరిగిన రోజు సాయంత్రం వచ్చినవారికి కాఫీలు కలిపినది భార్యే. ఆమెకు ఏ ఉత్తర్వూ రాదు. ఈ సంగతిని కథావస్తువుగా పట్టుకున్నవారిలో అబ్బూరి ఛాయాదేవి ముఖ్యులు. కంటినిండా నిద్రకు జీవితమంతా నోచుకోని ఇల్లాలి కథ ‘సుఖాంతం’. విశ్రాంతి అన్న మాట స్త్రీ విషయంలో ఎంత భయంకరమైన అర్థం తెచ్చుకోగలదో దాని పేరులోని వ్యంగ్యమే చెబుతుంది. ‘తన మార్గం’ కథలో భర్త పోయిన స్త్రీ పిల్లల ఇళ్లలో వంతులవారీ అతిథిగా ఉండడానికి ఒప్పుకోక, తన చోట తాను ఉండాలని నిర్ణయించుకుంటుంది. ‘బడిపంతులు’లో పంపకం తల్లిదండ్రులకు జరిగే అన్యాయం. ‘తన మార్గం’లో ఆ ప్రశ్నే తలక్రిందులవుతుంది. పంచుకోవడానికి ఆమె అందుబాటులోనే ఉండదు.

ఛాయాదేవి జీవితం కూడా ఈ కథకు దూరంగా లేదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ ఉద్యోగం నుండి 1982లో స్వచ్ఛందంగా విరమించారు. ‘తన మార్గం’ సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తరువాత తానే నిర్ణయించుకుని కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో చేరి, 2019లో మరణించేదాకా అక్కడే ఉన్నారు. తెలుగు కథలో వృద్ధాశ్రమం దాదాపు ఎప్పుడూ కొడుకుల నేరానికి సాక్ష్యం. ఆమె దానిని ఒక చిరునామాగా వాడుకున్నారు. కుంతి ప్రయాణానికి ఇరవయ్యొకటవ శతాబ్దంలో దగ్గరగా కనిపించే ఉదాహరణ ఇదే.

కల్పన ఇలా ఉండగా, విశ్రాంత ఉద్యోగులు స్వయంగా రాసినవాటి సంగతి వేరుగా చూడాలి. శతకం, యాత్రాకథనం, వంశచరిత్ర, స్వీయచరిత్ర రూపాల్లో సొంత ఖర్చుతో అచ్చయ్యే పుస్తకాలు తూర్పు హైదరాబాదు కాలనీల నుండి ఎన్నో వెలువడుతున్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి.నగర్ నడుమ మెట్రో మొదలయ్యాక ఈ రచయితలకు సభాభాగ్యం సులువయింది. నాంపల్లిలో దిగితే తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఎం.జి.బి.ఎస్. దగ్గర బండి మారితే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ. 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజారులో ఇంకా పుస్తకాలు ఇస్తూనే ఉంది. విశ్వవిద్యాలయ విమర్శ ఈ పుస్తకాలను పీఠికల దగ్గర ఆశీర్వదించి, పరిశోధన దగ్గర విస్మరిస్తుంది. పీఠిక రాసినవారే సిద్ధాంత గ్రంథంలో వాటి ఊసెత్తనివ్వరు. ఇది న్యాయం కాదు.

విస్మరణ అన్యాయమే అయినా, వాటిలో ఎక్కువ భాగం బలహీనంగా ఉన్నదన్న నిజాన్ని దాచడం ఇంకొక అన్యాయం. ముఖ్యంగా స్వీయచరిత్రల కథనక్రమం రచయిత జీవితం నుండి రాదు, అతని సర్వీసు రిజిస్టరు నుండి వస్తుంది. నియామకం, బదిలీలు, పదోన్నతి, ఒక అన్యాయపు మెమో, విరమణ సభ. అక్కడితో కథనం ఆగి, మనుమల ఛాయాచిత్రాలు మొదలవుతాయి. విరమణ తరువాతి ఇరవై ఏళ్లకు నాలుగు పుటలు. నిజానికి ఆ పుస్తకం రాసినది ఆ ఇరవై ఏళ్లలోనే, అయినా రచన అన్న ఆ పని మాత్రం అందులో ఒక ఘటనగా చేరదు. పింఛనుదారు ఏటా సమర్పించే జీవన ధ్రువీకరణ పత్రం అతడు ఉన్నాడా అని అడుగుతుంది కాని ఏం చేస్తున్నాడని అడగదు. ఈ స్వీయచరిత్రలు కూడా అదే ప్రశ్నకు సమాధానం రాస్తున్నాయి.

వీటి పక్కన సామల సదాశివ ‘యాది’ని పెట్టి చూస్తే లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది. సదాశివ (1928–2012) ఆదిలాబాదులో ఉపాధ్యాయులుగా, అధ్యాపకులుగా పనిచేసి విరమించినవారు. ఆయనను తెలుగు పాఠకలోకం విస్తృతంగా గుర్తుపెట్టుకున్న రచనలు ‘యాది’, ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’, ‘స్వరలయలు’ వంటివి ఉద్యోగం ముగిసిన తరువాతి దశకు చెందినవి. ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ‘యాది’ పేరుకు జ్ఞాపకాలే కాని, అందులో ‘నేను’ సభకు కుర్చీలు వేసేవాని వంటిది. కూర్చునేవారు ఉర్దూ కవులు, హిందుస్థానీ గాయకులు, ఊరి పెద్దలు, స్నేహితులు. ఎన్నడో విన్న గానాన్ని, విన్న మాటను, దాని సందర్భంతో సహా తరువాతివారికి అప్పగించడం ఆయన చేపట్టిన పని. జ్ఞాపకం అక్కడ ఆస్తి కాదు, అప్పగింత. సదాశివ వాక్యంలోని తీరుబడి కూడా విశ్రాంత జీవితం ఇచ్చినదే. గంట కొట్టేలోగా పాఠం ముగించవలసిన అవసరం లేనివాని వాక్యం అది.

దాశరథి రంగాచార్య సికింద్రాబాదు నగరపాలక సంస్థలో ఉద్యోగం చేసి, తరువాతి కాలంలో నాలుగు వేదాలను తెలుగు వచనంలోకి తెచ్చారు. ఆ శ్రమ పరిమాణమే దానికి వ్యాఖ్య. కాళీపట్నం రామారావు ఉదాహరణ ఇంకా సూక్ష్మమైనది. విశాఖపట్నంలో మూడు దశాబ్దాలు ఉపాధ్యాయులుగా పనిచేసి 1979లో విరమించారు. ‘యజ్ఞం’ కథకుడాయన. తీరిక దొరికింది కనుక మరిన్ని కథలు రాస్తారని ఎవరైనా అనుకుంటారు. ఆయన ఇతరుల కథలను పోగుచేయడానికి పూనుకున్నారు. ‘యజ్ఞంతో తొమ్మిది’కి వచ్చిన 1995 అకాడమీ పురస్కారపు సొమ్మును కూడా దీనికే వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అప్పటికి ఆయన వయస్సు 72. పాత పత్రికల కోసం తిరగడం, రచయితలకు ఉత్తరాలు రాయడం, కథల జాబితాలు తయారుచేయడం గుమాస్తా పని అనుకునేవారు ఉంటారు. తెలుగు కథ మీద ఈనాడు సిద్ధాంత గ్రంథం రాసే ఏ విద్యార్థి అయినా ఆ గుమాస్తా పని మీదే నిలబడి రాస్తున్నాడు. 2021 జూన్‌లో తన 96 ఏళ్ల వయస్సులో ఆయన మరణించేనాటికి కథానిలయం ఆయన అవసరం లేకుండా నడవగలిగే స్థితికి చేరింది.

ఎల్.బి.నగర్ నుండి విజయవాడ రహదారి పట్టుకుని వెళ్తే రామన్నపేట మండలం వెల్లంకి గ్రామం ఎంతో దూరం కాదు. కూరెళ్ల విఠలాచార్య విశ్రాంత తెలుగు అధ్యాపకులు, కవి. తన పుస్తకాలతో తన ఇంటినే గ్రంథాలయంగా మార్చారు. 2024లో పద్మశ్రీ వచ్చాక ఆయన పేరు దేశానికి తెలిసింది. కాలనీ వాసి ఊరి స్థలం అమ్మి నగరంలో ఇల్లు కట్టుకుంటే, ఈయన ఊళ్లోని ఇంటిని పుస్తకాలకు అప్పగించారు. అందరూ అలా చేయగలరని చెప్పడం అమాయకత్వం. నెలవారీ మందుల ఖర్చు, కూతురి పురుడు, కొడుకు ఫ్లాటు వాయిదా ఉన్నవానికి ఇల్లే ఆఖరి భద్రత. కాని సదాశివ, రామారావు, విఠలాచార్య చేపట్టిన పనుల్లో ఒక సమాన లక్షణం గమనించవలసి ఉంది. అవి ఎవరి ఉద్యోగాన్నీ ఆక్రమించలేదు. అప్పటిదాకా ఏ పద్దులోనూ లేని పనిని కొత్తగా కనిపెట్టాయి.

ఈ లక్షణం ఎందుకు ముఖ్యమో దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో తెలుస్తుంది. గ్రూప్ పరీక్షలకు, ఎస్సై ఉద్యోగాలకు, డీఎస్సీకి శిక్షణ ఇచ్చే సంస్థలు, వాటిని ఆనుకుని హాస్టళ్లు, చిన్న గదులు, జిరాక్సు దుకాణాలు. ఉద్యోగం వదిలినవారూ ఉద్యోగానికి ఎదురుచూసేవారూ ఒకే వీధిలో ఉండే ప్రాంతం హైదరాబాదులో ఇంత స్పష్టంగా మరొకటి లేదు. తెలంగాణ ప్రభుత్వం 2021 మార్చిలో విరమణ వయస్సును 58 నుండి 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 60కి, 2022లో 62కు చేరింది. ఉద్యోగి ఇంట్లో ఇది మరి మూడేళ్ల చురుకైన జీవితం. పక్క గదిలో చదువుకునేవానికి మూడేళ్లు ఖాళీ కాని కుర్చీ. 2025 జనవరిలో తెలంగాణ విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయస్సు 60 నుండి 65కు పెరిగింది. ఈ పత్రిక చదివేవారికి ఇది దూరపు వార్త కాదు. మన శాఖల్లోనే పట్టా పుచ్చుకున్న పరిశోధకులు డీఎస్సీ పుస్తకాలు పట్టుకుని ఆ గదుల్లో ఉన్నారు. వృద్ధాప్యంలో చురుకుగా ఉండాలన్న హితవు మంచిదే, కాని ఏ స్థానంలో చురుకుగా ఉండాలన్న ప్రశ్న లేకుండా చెప్పినప్పుడు అది ఒక తరం పక్షాన రెండవ తరానికి చెప్పే మాట అవుతుంది. పెద్దవారి అనుభవం శాఖలకు అవసరమన్న వాదంలో నిజం లేకపోలేదు. ఆ అనుభవం కుర్చీతోనే వస్తుందా అన్నదే సందేహం. సదాశివ సాహిత్య జీవితాన్ని చూసినవారు దీనికి అవునని అనలేరు.

తెలుగు కథ ఈ వీధిలోకి ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చినప్పుడు దానికి కావలసిన ఇల్లు సిద్ధంగా ఉంది. పై అంతస్తులో విశ్రాంత ఉద్యోగి, ఆయన భార్య ఉంటారు. క్రింది భాగాన్ని మూడు గదులుగా విడదీసి పరీక్షలకు చదివే పిల్లలకు అద్దెకిచ్చారు. గేటుకు వేలాడే టు-లెట్ పలక ఏడాదిలో రెండుసార్లు ఎక్కి దిగుతుంది. పింఛను చాలని నెలలో ఆయనను ఆదుకునేది, ఆయన ఒకప్పుడు చేసిన ఉద్యోగం కోసమే చదువుతున్న కుర్రవాడు కట్టే అద్దె. ఆ కుర్రవానికి రాత్రి పదింటికి గణితంలో ఒక లెక్క తెగదు. పైన నిద్ర పట్టనివాడు ముప్పై ఏళ్లు గణితం చెప్పినవాడే. నడుమ ఉన్నవి పద్దెనిమిది మెట్లు.